పిల్లలకి మజిల్‌లోడర్ రైఫిల్ సేఫ్‌గా నేర్పించడం ఎలా?

బ్యారెల్ మూతిలోంచి మందు పోసి, సీసం గుండు పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చే పాత రకం తుపాకీనే మజిల్‌లోడర్ అంటారు. ఒక్కసారికి ఒక్క గుండే, ఇంకోటి పేల్చాలంటే మళ్ళీ మొదట్నుంచి అంతా చెయ్యాల్సిందే, అందుకే పిల్లలకి షూటింగ్ నేర్పడానికి ఇది చాలా మంచిదని నేను గట్టిగా నమ్ముతాను, ఓపిక లేకుండా దీంతో పని జరగదు. కానీ ఇక్కడ మందు కొలిచేదీ దట్టించేదీ మనమే కాబట్టి తప్పు జరిగితే అదీ మన చేతిలోనే జరుగుతుంది, అందుకని ముందు మీకు ఇది పూర్తిగా వచ్చి ఉండాలి, ఆ తర్వాతే పిల్లలు. లైసెన్సు, వయసు రూల్స్ ఎక్కడికక్కడ వేరుగా ఉంటాయి, అవి ముందే కనుక్కోండి. ఖాళీ స్థలం ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ కాకుండా, పర్మిషన్ ఉన్న షూటింగ్ రేంజ్‌లోనే నేర్పండి.

పిల్లలు రెడీయా కాదా అనేది వయసొక్కటే చూసి చెప్పలేం. "ఆగు" అన్న మొదటిసారికే చేతిలో పని చేతిలోనే ఆపేస్తున్నారా, చెప్పింది తిరిగి చెప్పగలుగుతున్నారా, ఇవి చూడండి. రెండు మూడుసార్లు అరిస్తేగానీ వినని పిల్లాడికి ఇంకా టైం ఉంది, బలవంతం చెయ్యొద్దు. పెద్ద శబ్దాలకి భయపడే పిల్లలైతే ముందు దూరంగా నిలబెట్టి, చెవులకి రక్షణ పెట్టి, వేరేవాళ్ళు పేలుస్తుంటే చూడనివ్వండి చాలు.

మొదటి పాఠంలో మందు ఊసే వద్దు. ఖాళీ తుపాకీతో మూడు విషయాలు చెప్పండి: మూతి ఎప్పుడూ సేఫ్ వైపే ఉండాలి, పేల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళకూడదు, ప్రతి తుపాకీ లోడై ఉన్నట్టే అనుకోవాలి. ఖాళీ అని మీరెలా తెలుసుకున్నారో కూడా వాళ్ళ కళ్ళ ముందే చూపించండి, పిల్లలకి భలే ఇష్టమైన భాగం ఇదే. మూతికి ఎదురుగా వంగకుండా పక్కనుంచి కడ్డీని బ్యారెల్‌లోకి చివరిదాకా దింపి, మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత పెట్టండి, అది ఖాళీ గీత. తర్వాత సరిగ్గా లోడ్ చేసినప్పుడు ఇంకో గీత పెడితే అది లోడ్ గీత, మందు కొలత గానీ గుండు గానీ మారిస్తే ఆ గీత కూడా కొత్తగా పెట్టుకోవాలి. ఇక ప్రతిసారీ ఆ గీతలు చూసి లోపల ఏముందో పిల్లలే చెబుతారు. లోడ్ గీత మూతికి పైనే ఆగిపోయిందంటే గుండు మందు దాకా దిగలేదు, లేదంటే మందు రెండుసార్లు పడింది, రెండింటిలో ఏదైనా పేల్చొద్దు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే బ్యారెల్ పగిలే ప్రమాదం ఉంది, ఇది మాత్రం పదేపదే చెప్పండి.

తుపాకీ విషయానికొస్తే చిన్న క్యాలిబర్ (అంటే బ్యారెల్ రంధ్రం సైజు), క్యాప్‌తో పేలేది తీసుకోండి, క్యాప్ అంటే తుపాకీ సుత్తి పడగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ. చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్ తర్వాత చూసుకోవచ్చు, ట్రిగ్గర్ నొక్కాక అది కాస్త ఆలస్యంగా పేలుతుంది, ముఖం దగ్గరే మంట కనబడుతుంది, పక్కకి నిప్పు చిమ్ముతుంది, కొత్త పిల్లలు ఉలిక్కిపడి తుపాకీ కదిలించేస్తారు. బ్యారెల్ బరువు చిన్న చేతులు మొయ్యలేవు, కాబట్టి కూర్చోబెట్టి ఇసక సంచుల మీద ఆనించండి.

మందు అంటే బ్లాక్ పౌడరే, సూరేకారం, గంధకం, బొగ్గు కలిపినది, లేదా తుపాకీ తయారుచేసిన కంపెనీ మాన్యువల్‌లో ఒప్పుకున్న దాని బదులు పౌడర్. ఈ కాలం తూటాల్లో వాడే పొగరాని మందు కొంచెం కూడా వెయ్యకూడదు, తుపాకీయే పగిలిపోవచ్చు. కొలత కూడా మాన్యువల్‌లో చెప్పిన అతి తక్కువ దగ్గరే మొదలుపెట్టండి, పిల్లల భుజానికి దెబ్బ తగలదు.

రేంజ్‌లో ఒక పిల్లకి ఒక పెద్ద, అంతే. కళ్ళద్దాలు, చెవి రక్షణ ఇద్దరికీ ఉండాలి, వేలాడే బట్టలు వద్దు, జుట్టు ముడి వేసెయ్యండి. మందు డబ్బా, క్యాపులు మీ దగ్గరే ఉంచుకోండి, మూత పెట్టి, పేల్చే చోటి నుంచి దూరంగా, దగ్గర్లో ఎవరూ సిగరెట్ వెలిగించకూడదు.

లోడ్ చేసేముందు ఖాళీ అని గీతతో చూసుకుని, ఒక క్యాప్ మాత్రం పెట్టి మూతి నేల దగ్గర ఒక గడ్డిపోచ వైపు ఉంచి కొట్టండి, పోచ కదిలితే క్యాప్ నుంచి బ్యారెల్ దాకా దారి క్లియర్‌గా ఉన్నట్టు. తర్వాత మందు. డబ్బాలోంచి నేరుగా బ్యారెల్‌లోకి ఎప్పుడూ పొయ్యొద్దు, లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే చేతిలోని డబ్బా మొత్తం అంటుకుంటుంది, అందుకే కొలత గొట్టంలోకి తీసి, డబ్బా మూసి పక్కన పెట్టి, అప్పుడు పొయ్యాలి. దాని మీద నూనె రాసిన కాటన్ గుడ్డ ముక్క, సీసం గుండు. కడ్డీని మూతికి జానెడు పైన పట్టుకుని జానెడు జానెడుగా దించండి, పైచివర పట్టుకుని ఒక్కసారిగా తోస్తే విరిగి చేతిలో దిగుతుంది. గీత చూడండి. మందు పోసిన దగ్గర్నుంచి ఇక్కడిదాకా కొత్త క్యాప్ పెట్టకూడదు, అది తుపాకీ టార్గెట్ వైపు తిరిగి ఉన్నప్పుడు ఆఖరున, మీ చేత్తోనే.

మొదట్లో పిల్లల పని గురి చూసి ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం వరకే. పేలాక కూడా కాసేపు అలాగే చూస్తూ ఉండమనండి, పొగలో టార్గెట్ కనబడక వెంటనే తల ఎత్తేస్తారు. ఇది కుదిరాక గుడ్డ ముక్క పెట్టడం, ఆ తర్వాత కడ్డీ, ఇలా ఒక్కో పని వాళ్ళకి అప్పగించండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే? మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 60 సెకన్లు ఇద్దరూ బయటికి లెక్కపెట్టండి, ఆలస్యంగా పేలొచ్చు. తర్వాత క్యాప్ మార్చేది మీరే. అయినా పేలకపోతే మందు మర్చిపోయి గుండు ఒక్కటే దింపారేమో అని అనుమానించాలి, దాన్ని తీసే పని రేంజ్‌లో అనుభవం ఉన్నవాళ్ళకి అప్పజెప్పండి, పిల్లల్ని వెనక్కి పంపేసి.

ప్రతి షాట్ తర్వాత తడి గుడ్డతో బ్యారెల్ తుడిస్తే మసీ పోతుంది, నిప్పు కణికలూ ఆరిపోతాయి. అయిపోయాక తుపాకీ ఖాళీ అని మళ్ళీ గీతతో చూసుకుని ఆరోజే వేడి సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి నూనె పట్టించాలి, ఆ మసి తేమ లాక్కుని ఇనుముని తినేస్తుంది. సీసం ఒంట్లోకి వెళ్ళకూడదు కాబట్టి గుండు నోట్లో పెట్టుకోనివ్వకండి, ఏమైనా తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. తుపాకీ ఒకచోట తాళం వేసి, మందు ఇంకోచోట, క్యాపులు వేరే చోట పెట్టి, తాళంచెవులు పిల్లలకి తెలియని చోట ఉంచండి.