ఔటర్ మీద ఆపకండి: హైదరాబాద్‌లో ఒంటరిగా కారు నడపబోయే కొత్తవారికి

మా అపార్టుమెంటు పై అంతస్తులోకి టెక్సాస్ నుంచి ఒక కుర్రాడు కాపురం వచ్చాడు. అక్కడ పదేళ్లు నడిపినవాడు, చేయి తిరిగిన డ్రైవరు. మొన్న తెల్లవారుజామున అత్తగారిని శంషాబాద్‌లో విమానం ఎక్కించి ఒక్కడే తిరిగి వస్తుంటే ఫోను మోగిందట. ఔటర్ రింగు రోడ్డు మీద ఎడమ అంచుకు కారు ఆపి, తీరిగ్గా మాట్లాడాడట. "నడుపుతూ మాట్లాడకూడదు కదండీ" అని నాకే పాఠం చెప్పాడు. వెనక నుంచి ఒక లారీ హారన్ మోగిస్తూ అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పోయిందని కూడా చెప్పాడు, అదీ నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఊరుకోలేక, అమెరికా నుంచి తిరిగి వచ్చిన మీలాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఫాస్టాగ్, బీమా, పొల్యూషన్ కాగితం లాంటివి చెప్పను, అవి మీకు తెలుసు. ఒక్క మాట: మీ పాత లైసెన్సు గడువు తీరి ఏడాది దాటితే రెన్యువల్‌కు మళ్లీ పరీక్ష ఇవ్వాల్సిందే. "ఇంట్లో ఎక్కడో ఉందిలెండి" అంటూ కాలం గడపకండి.

మొదటి కొన్ని నెలలు ఎవరికైనా నరకమే. నేనూ న్యూజెర్సీ నుంచి వచ్చినవాడినే. అక్కడ ఎడమ చేతి దగ్గర ఉండే ఇండికేటర్ మీట ఇక్కడ చాలా కార్లలో కుడి చేతి దగ్గర ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఎండలో వైపర్లు ఆడేవి, పక్క ఆటోవాళ్లు వింతగా చూసేవారు. దానికి ప్రాణం పోదు. ఎదుటి బండి లైట్లు ఆర్పి వెలిగిస్తే దాన్ని తప్పుగా చదవడంతో మాత్రం పోతుంది. అక్కడ చాలాసార్లు అది "మీరు వెళ్లండి" అనే మర్యాద. ఇక్కడ "నేను వస్తున్నాను, అడ్డు రావద్దు" అని హెచ్చరిక. అక్కడి అలవాటుకొద్దీ చేయి ఊపి ముందుకు కదలకండి.

ఇక అసలు సంగతి. ఈ నగరంలో నడపడం కన్నా ఆపడం ప్రమాదం. ఎంత చెప్పినా మీవాళ్లకు ఎక్కడం లేదు.

ఔటర్ 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. కుడివైపు వరుసల్లో 2023 నుంచి గరిష్ఠ వేగం 120. ఎడమవైపు వరుసలు 80 వేగంతో పోయే లారీలవి, డీసీఎం వ్యాన్లవి. మీరు "భద్రంగా పక్కకు తీశాను" అనుకునే చోటు సరిగ్గా వాటి పక్కన. 80తో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. రాత్రంతా నడిపి, మూడింటికో నాలుగింటికో కళ్లు మూతలు పడుతున్న డ్రైవరు మూడు సెకన్లు రెప్ప వాల్చితే 66 మీటర్లు ఎవరూ నడపని లారీ వచ్చినట్టే. అతను మేలుకునే ఉన్నా, చీకట్లో మీ వెనక లైట్లు ఆగిన బండివా, పోతున్న బండివా అన్నది దగ్గరికి వచ్చేదాకా తేలదు. మీరు పోతున్నారనుకుని అతను మీ వెనకే వస్తాడు.

కాబట్టి ఫోను మోగితే మోగనివ్వండి. మ్యాపు చూడాలా? ఎక్కే ముందే చూసుకోండి. రాజేంద్రనగర్ దాటారు, పోలీస్ అకాడమీ దగ్గర దిగాల్సింది దిగలేదు. ఏమీ కాదు, నార్సింగి దగ్గర దిగి వెనక్కి తిరగండి. పోయేది కాస్త టోలు, కాస్త పెట్రోలు. దాని కోసం రివర్సు గేరు వేసేవాళ్లను నా కళ్లతో చూశాను. వాళ్లకు ఏమని చెప్పాలో నాకు మాటలు రావు. నిద్ర వస్తోందా? కిందికి దిగి టోలు గేటు దాటాక, వెలుతురూ మనుషులూ ఉన్న చోట ఆపి పడుకోండి. ప్రయాణపు అలసట తీరని మొదటి వారంలో అర్ధరాత్రి విమానాశ్రయానికి అసలు మీరే నడుపుతూ పోవడం ఎందుకు? క్యాబు ఉంది, బస్సు ఉంది.

బండి నిజంగా చెడిపోతే అది వేరు. కదులుతున్నంతసేపు, టైరు పాడైపోయినా సరే, కిందికి దిగే దారి దాకా మెల్లగా ఈడ్చండి. టైరు కొనుక్కోవచ్చు. కదలకపోతే ఎడమ అంచుకు చేర్చి నాలుగు ఇండికేటర్లూ వేయండి. మీ తలుపు బండ్లు పోయే వైపు తెరుచుకుంటుంది. పక్క సీటు మీదుగా ఎడమ తలుపు నుంచి దిగండి. దిగి కారు వెనక నిలబడవద్దు, కారులోనూ కూర్చోవద్దు. ఇనుప రెయిలింగు దాటి అవతల, కారుకు దూరంగా నిలబడి ఫోను చేయండి. డిక్కీలో ఎర్ర త్రికోణం ఉంటుంది. రెయిలింగు అవతలి నుంచే వెనక్కి నడిచి, కనీసం యాభై మీటర్ల దూరాన, రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని పెట్టగలిగితే పెట్టండి, లేదంటే మానేయండి. స్టెప్నీ మార్చే వీరత్వం ఔటర్ మీద వద్దు. పోలీసులకు 112, అంబులెన్సుకు 108, విజయవాడ, బెంగుళూరు దారుల వంటి జాతీయ రహదారుల మీద 1033. ఎక్కడున్నారో చెప్పడానికి పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చదవండి.

వానాకాలంలో ఇదే మాట మరోలా. మలక్‌పేట రైలు వంతెన లాంటి చోట్ల గంట గట్టి వాన పడితే నీరు నిలుస్తుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే మూసీ దాటే లోతట్టు దారులు మూస్తారు. ముందు బండి పోయింది కదా అని దిగకండి. ఆ బండి ఎత్తెంత, మీదెంత? పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును తేల్చగలదు, రెండడుగులైతే పెద్ద బండినీ లాక్కుపోతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగినప్పుడు బెంగుళూరు హైవే మీద బండ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నీళ్లలో ఇంజను ఆగితే మళ్లీ తాళం తిప్పవద్దు, లోపలికి నీరు పీల్చుకుని ఇంజనే పోతుంది. బెల్టు తీసి, కిటికీ అద్దం దించి, బండిని వదిలి బయటపడండి. కరెంటు పోయాక అద్దాలు దిగవు.

అర్ధరాత్రి ఎవరో బైకు మీద వచ్చి "మీ టైరులో గాలి లేదు", "నా బండికి తగిలించారు" అని ఆపమంటే, వెలుతురున్న పెట్రోలు బంకు దాకా పోయి అక్కడ ఆపండి. ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే మాత్రం ఆగి 108కి ఫోను చేయడం మీ బాధ్యత, చట్టం చెప్పేదీ అదే. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు తెలంగాణ పోలీసులు 2024లో టి-సేఫ్ అనే సేవ మొదలుపెట్టారు, ప్రయాణం ముగిసేదాకా కనిపెట్టి ఉంటారు. దాన్ని వాడుకోవడానికి మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంత భయపెట్టాక ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఈ ఊళ్లో బండి ఆగితే తొయ్యడానికి మనుషులు వస్తారు. పిలవకుండానే నలుగురు దిగుతారు, ఒకడు స్టీరింగు నువ్వు పట్టుకో అంటాడు, ఇంకొకడు ట్రాఫిక్ ఆపుతాడు, పని అయ్యాక పేరు కూడా చెప్పకుండా పోతారు. హారన్లకూ అలవాటు పడతారు. సగం హారన్లు మిమ్మల్ని తిట్టేవి కావు, "పక్కనే ఉన్నాను" అని చెప్పేవి. మొదట్లో ఆదివారం ఉదయం ఆరింటికి బండిని ఆఫీసులుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు తీసుకెళ్లండి, ఆ వీధులు దాదాపు ఖాళీగా ఉంటాయి. యూటర్న్‌లు, రౌండబౌట్లు, ఆ ఇండికేటర్ మీట, అన్నీ అక్కడే నేర్చుకోండి. ఎనిమిదిలోపు ఇంటికి వచ్చేయండి, ఆ తర్వాత టిఫిన్ల కోసం ఊరంతా రోడ్డు మీదికి వస్తుంది.