శ్రీనివాస సేతు మీద స్కూటీ: ఎక్కే ముందే దిగేది ఎక్కడో చూసుకోండి

నేను స్కూటీ నేర్చుకుంది 41వ ఏట. ఇల్లు తిరుపతిలో పద్మావతీపురంలో, పని కపిలతీర్థం రోడ్డులో. రోజూ ఊరి మీదుగా పోయే శ్రీనివాస సేతు అనే పెద్ద వంతెన మీదే వెళ్లివస్తాను. మా వీధిలో కొత్తగా బండి కొన్న ఆడవాళ్లు "అక్కా, బ్రిడ్జి ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది, ఒక్కసారి వెనకాల కూర్చో" అని పిలుస్తుంటారు. ఇప్పటికి ఏడెనిమిది మందికి తోడు వెళ్లాను. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు దారి మనసులో పెట్టుకోండి. వంతెన సుమారు 7 కిలోమీటర్లు. తిరుచానూరు రోడ్డు వైపు నుంచి రామానుజ సర్కిల్, యాత్రికులు బస చేసే శ్రీనివాసం, బస్టాండు, లీలామహల్ మీదుగా కపిలతీర్థం, అలిపిరి వైపు పోతుంది. లీలామహల్ దగ్గర కరకంబాడి రోడ్డు వైపు ఒక పాయ చీలుతుంది. మొదట దీని పేరు గరుడ వారధి, 2024 నవంబర్‌లో మళ్లీ ఆ పేరే పెట్టాలని టీటీడీ తీర్మానించింది. ఎవరైనా ఆ పేరుతో దారి చెబితే తికమకపడకండి, రెండూ ఒకటే. 2023 సెప్టెంబర్ 18న, బ్రహ్మోత్సవాలు మొదలైన రోజే దీన్ని ప్రారంభించారు. కొండకు పోయే బండ్లు ఊళ్లో ఇరుక్కోకుండా నేరుగా అలిపిరి వైపు పోవాలని కట్టిన వంతెన ఇది. అందుకే ఊరు దాటాలంటే పైన, ఊళ్లో పనుంటే కింద పోవాలి. కూరగాయలకో మందులకో పోయేవాళ్లకు పైన పనే లేదు.

ఇది నాకు మొదట్లో తెలియదు. మదనపల్లె నుంచి వస్తున్న మా చెల్లెల్ని బస్టాండులో ఎక్కించుకోవాలని బ్రిడ్జి ఎక్కాను. బస్టాండు నా కింద నుంచే వెళ్లిపోయింది. పక్కన లారీ ఉంది, ఎటు దిగాలో కనబడలేదు. చివరికి కపిలతీర్థం దగ్గర నేల మీదకు వచ్చాను. వెనక్కి తిరిగి ట్రాఫిక్‌లో బస్టాండు చేరేసరికి ఎండలో చంటిబిడ్డతో, రెండు బ్యాగులతో నిలబడి ఉంది పాపం. ఆ రోజు చాలా బాధపడ్డాను.

అందుకే మొదటి రోజు బండి తీయొద్దు. ఆటోలో కింది రోడ్డు మీదే ఈ చివర నుంచి ఆ చివరకు పోండి. ఏ ర్యాంపు ఎక్కడ పైకి లేస్తోంది, ఏది ఎక్కడ నేలకు దిగుతోంది, దాని పక్కన ఏ అంగడి ఉంది, కళ్లారా చూసుకోండి. ఫోన్‌లో మ్యాప్‌ను నమ్ముకుంటే లాభం లేదు. మీరు పైన ఉన్నారో కింద ఉన్నారో దానికి చాలాసార్లు తెలియదు. వంతెన మీద ఉన్నప్పుడు కింద ఉన్న సందులోకి తిరగమంటుంది.

రెండో రోజు బండి తీయండి. మంగళవారమో బుధవారమో పొద్దున ఆరింటికైతే మేలు. శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ ఎక్కువ, నేర్చుకోవడానికి పనికిరావు. పెట్రోలు చూసుకోండి, టైర్లలో గాలి చూసుకోండి. పైన బండి ఆగిపోతే పక్కకు తీసి పెట్టుకునే చోటు లేదు.

ర్యాంపు ఎక్కేటప్పుడు భయంతో యాక్సిలరేటర్ వదిలేస్తారు చాలామంది. అదే తప్పు. బండి మందగిస్తే వెనక వచ్చేవాడికి ఇబ్బంది. ఒకే వేగంతో ఎక్కండి. పైన పెద్ద దారిలో కలిసే ముందు కుడి అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ఖాళీ దొరికాకే కలవండి. తర్వాత ఎడమ పక్కనే ఉండండి. దిగాల్సిన ర్యాంపు దాటిపోయిందా, పోనివ్వండి. బండి ఆపడం, వెనక్కి నెట్టుకుంటూ రావడం, ఎదురు దిశలో దిగడం, ఈ మూడూ ప్రాణం మీదకు తెచ్చేవే. తర్వాతి చోట దిగి వెనక్కి వస్తే పోయేది పది నిమిషాలు.

ఇక అతుకులు. వంతెనను సెగ్మెంట్లుగా పోతపోసి తెచ్చి, పైకెత్తి కలిపారు. 2023 జూలైలో, పని ఇంకొన్నాళ్లలో అయిపోతుందనగా, ఒక సెగ్మెంట్ పడి ఇద్దరు కూలీలు చనిపోయారు. రోజూ ఆ దారిన పోతున్నా నాకు వాళ్లు గుర్తొస్తూనే ఉంటారు. ఎండకు వంతెన సాగి, చల్లబడితే తగ్గుతుంది కాబట్టి అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా సందు వదిలి పట్టీ వేస్తారు. వానలో ఆ పట్టీ జారుతుంది. దాని మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. పట్టీ రాకముందే వేగం తగ్గించుకుని తిన్నగా దాటేయండి. ఆషాఢం గాలి కూడా పైన గట్టిగా తోస్తుంది. కొంగు, చున్నీ బిగించి కట్టుకోండి.

పొరుగూరి టెంపోలతో ఇంకా జాగ్రత్త. కొండ కనబడగానే లోపలి వాళ్లు గోవింద నామం అందుకుంటారు, డ్రైవరు బండి నెమ్మది చేస్తాడు, కొందరు ఫోటో కోసం ఆపేస్తారు కూడా. ఆ భక్తికి నేను చేతులెత్తి మొక్కుతాను, కానీ వాళ్ల బండికి మాత్రం దూరంగా ఉంటాను. మీరూ ఉండండి. పెరటాసి (తమిళుల పురటాసి నెల) శనివారాలు, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు అవసరమైతే తప్ప ఎక్కొద్దు. గరుడసేవకు ఘాట్ రోడ్డులో ద్విచక్ర వాహనాలను పంపరు కూడా.

నిజానికి పైన కంటే కిందే భయపడాలి. బస్టాండు, శ్రీనివాసం దగ్గర స్తంభం వెనక నుంచి మనిషి ఒక్కసారిగా రోడ్డు మీదకు వస్తాడు. గుండు చేయించుకుని దర్శనం అయిన సంతోషంలో, నిద్రలేని కళ్లతో, తన బస్సు ఎటుందో వెతుక్కుంటూ ఉంటాడు. ప్రతి స్తంభం వెనకా ఒక మనిషి ఉన్నాడనుకుని నడపండి. హారన్ కొడితే బెదిరి ఎదురొస్తారు, బ్రేకు మీద చేయి పెట్టుకుంటే చాలు.

మూడోసారికి నన్ను పిలవకుండా ఒంటరిగా వెళ్లండి. దిగాక బండి పక్కన ఆపి, ఇంటికి ఒక ఫోన్ చేయండి. పైన ఉండగా ఎవరు చేసినా ఎత్తొద్దు.