గాలం చిక్కుకుంటే తెంపేయండి, నీళ్ళలోకి దిగొద్దు

చెరువులు నిండగానే పేపర్లో ఆ వార్త మళ్ళీ మొదలవుతుంది. చేపలు పట్టడానికి వెళ్ళి మునిగిపోయాడు అని. ఈ వారమూ చదివాను. పేరూ ఊరూ మారతాయి గానీ జరిగే తీరు చాలాసార్లు ఒక్కటే. గాలం దేనికో పట్టేస్తుంది, విడిపించడానికి మనిషి దిగుతాడు.

చిన్నప్పుడు ఊళ్ళో వెదురు కర్రకు వానపాము గుచ్చి చేపలు పట్టి, ఇరవై ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో రాడ్డూ రీలూ కొని మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అసలు ఏమీ తెలియని వాడికి నీళ్ళంటే భయం ఉంటుంది. మీకు అది లేదు. "నాకు ఈతొచ్చు" అన్న ధీమా ఉంది. టోపీ, నీళ్ళ సీసా గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ ధీమా గురించే చెప్పాలి.

నగరం చెరువులో ఈత ఎందుకు పనికిరాదు

ఊరి కాలువలో అడుగున ఇసుకో గట్టి మట్టో ఉండేది, కాలు ఆనేది. ఇక్కడ అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మురుగు బురద. తొడ దాకా దిగబడితే ఎంత ఈతగాడైనా కాలు పైకి లాక్కోలేడు. నిమజ్జనమైన విగ్రహాల ఇనుప చువ్వలు, కర్రలు, తాళ్ళు అందులోనే ఉంటాయి. ఎండాకాలం శిఖంలో (నీళ్ళు తగ్గాక బయటపడే చెరువు నేలలో) మట్టి తవ్వుకుపోయిన గుంతలు వానాకాలం నీళ్ళ కింద కనపడవు. నడుము లోతులో ఉన్నాననుకున్న మనిషి ఒక్క అడుగుతో మునిగిపోతాడు. పైన గుర్రపుడెక్క పరుచుకుని ఉంటే తేలడానికీ చోటుండదు.

అసలు గాలం పట్టేసింది ఆ చువ్వకో, ఆ తాడుకో కదా. అది చిక్కుకున్న చోటే మీ కాలూ చిక్కుకుంటుంది. గాలం ఖరీదు పది, ఇరవై రూపాయలు. పోనివ్వండి.

దిగకుండా విడిపించే పద్ధతి ఉంది. ముందు దారం వదులు చేయండి, గట్టిగా లాగితే ఇంకా లోపలికి గుచ్చుకుంటుంది. గట్టు మీదే పది ఇరవై అడుగులు పక్కకు నడిచి, ఇంకో వైపు నుంచి చిన్నగా కుదపండి. రాకపోతే దారాన్ని కర్రకు చుట్టి (చేతికి చుట్టొద్దు, కోసేస్తుంది) వెనక్కి నడుస్తూ తెంపేయండి. తెగే క్షణంలో సీసం గుండు ఎగిరి మొహం మీదికి రావచ్చు, కాబట్టి మొహం తిప్పుకోండి. ముందు జాగ్రత్తగా గాలం దగ్గర ఒక మూర, అసలు దారం కన్నా బలహీనమైన దారం కట్టుకుంటే అక్కడే తెగుతుంది, మిగతా దారం దక్కుతుంది.

రాడ్డు విషయమూ అంతే. పెద్ద బొచ్చె తగిలితే గట్టున ఆనించిన రాడ్డును అమాంతం లాక్కుపోతుంది. నాలుగు వేలు పెట్టి కొన్నది కళ్ళ ముందే పోతుంటే కాళ్ళు ఆగవు, అక్కడే మనుషులు పోతారు. రాడ్డుకు తాడు కట్టి మేకుకు బిగించండి. రీలు కాస్త వదులుగా ఉంచండి. చేపను ఒడ్డుకు తీయడానికి పొడుగు కర్ర ఉన్న వల తీసుకెళ్ళండి. ఇవన్నీ ఉన్నా రాడ్డు పోతే, పోనివ్వండి. దిగొద్దు.

గేట్ల కింద, మత్తడి దగ్గర

కొత్త నీటికి చేపలు ఎదురెక్కుతాయి. అందుకే గేట్లు ఎత్తారనగానే జనం వలలు పట్టుకుని మూసీలోకి పరిగెడతారు. వాళ్ళను చూసి మీరు వెళ్ళకండి. మూసీలోకి నీళ్ళొదిలే జలాశయాల్లో హిమాయత్ సాగర్‌కు 17 గేట్లు, ఉస్మాన్ సాగర్‌కు 15. మీరు వెళ్ళేసరికి రెండే ఎత్తి ఉండొచ్చు, ఎర మార్చుకునే లోపు ఇంకో నాలుగు ఎత్తొచ్చు. వాన మీ నెత్తిన పడక్కర్లేదు, మూసీ పుట్టే వికారాబాద్ వైపు పడితే చాలు. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్ళొచ్చాయి. బస్టాండు మునిగిన నగరంలో నది మధ్య బండ మీద నిలబడి గాలం వేయడం ఏం ధైర్యమో నాకైతే అర్థం కాదు.

మత్తడి (చెరువు నిండాక నీళ్ళు పొర్లిపోయే అలుగు) దూకుతుంటే దూరంగా ఉండండి. తూము తెరిచి ఉన్న చోటికి అసలే పోవద్దు, నీరు లోపలికి లాగేస్తుంది. కట్ట రాళ్ళ మీద పాచి ఉంటుంది, చెప్పులతో దిగితే జారతారు.

ఇక మిగతావి

చాలా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. వాళ్ళను అడగండి. అడిగితే గుంతలెక్కడున్నాయో కూడా చెబుతారు.

ఉరుము వినపడిందా, రాడ్డు కింద పెట్టి కారులోకో పక్కా బిల్డింగులోకో వెళ్ళండి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

విసిరే ముందు పైకి చూడండి. కరెంటు తీగలున్న చోట రాడ్డు తీయనే వద్దు.

జెల్ల లాంటి మీసాల చేపను వట్టి చేత్తో పట్టొద్దు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి అరగంటైనా ఉంచండి. వాపు పెరిగితే డాక్టరు దగ్గరికి.

గాలం కంటి దగ్గర గుచ్చుకుంటే ముట్టుకోవద్దు. నేరుగా ఆసుపత్రికి.

కాలికి పుండుంటే ఆ రోజు వెళ్ళొద్దు.

మురుగు కలిసే చెరువు చేప తినొద్దు.

ఒంటరిగా వద్దు. మందు వద్దు. చీకటి పడే దాకా వద్దు. పిల్లలు అసలే వద్దు.

చెప్పు కొట్టుకుపోతే, ఫోన్ పడిపోతే, చేప దారంతో సహా పోతే, దిగొద్దు.

పక్కవాడు పడిపోతే? అప్పుడూ దూకొద్దు, ఇద్దరూ పోతారు. గట్టు మీద పడుకుని రాడ్డు అందించండి. అందకపోతే ఖాళీ అయిదు లీటర్ల క్యానుకు మూత బిగించి, తాడు కట్టి విసరండి. ఆ క్యానూ తాడూ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే బ్యాగులో పెట్టుకోవాలి. 112కి ఫోన్ చేయండి, అరిచి సంఘం వాళ్ళను పిలవండి. మనిషి మునిగిపోతే, మునిగిన చోటికి సూటిగా గట్టు మీద ఒక గుర్తు పెట్టి అక్కడే నిలబడండి. వచ్చినవాళ్ళు ఎక్కడ వెతకాలో దాన్ని బట్టే తెలుస్తుంది.