పొగ నియంత్రణ ప్రాంతంలో మల్టీఫ్యూయల్ స్టవ్ ఎంపిక: ముందు ఇంధనం, తర్వాత స్టవ్

లండన్, బర్మింగ్‌హామ్, లెస్టర్ వంటి నగరాల్లో పాత టెర్రస్ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ముందుగదిలో మూతపడిన ఫైర్‌ప్లేస్, దాని పైన కప్పు దాటి వెళ్లే పొగగొట్టం తరచుగా ఇంటితోపాటే వస్తాయి. గ్యాస్ బిల్లు పెరిగే శీతకాలంలో అక్కడొక స్టవ్ పెట్టించుకుంటే బాగుంటుందన్న ఆలోచన రావడం సహజం. కట్టెలు, బొగ్గు రెండూ వాడుకోగల మల్టీఫ్యూయల్ స్టవ్ అయితే ఇంకా మేలని దుకాణంలో చెబుతారు. అయితే ఈ నగరాల్లో చాలా భాగం పొగ నియంత్రణ ప్రాంతాల కిందికి వస్తుంది కాబట్టి, అందాన్నీ ధరనూ చూసి తేల్చుకుంటే సరిపోదు. అక్కడ చట్టం స్టవ్‌ను, అందులో వేసే ఇంధనాన్ని, మంటను నడిపే తీరును కలిపి చూస్తుంది. అందుకే ఏ ఇంధనం వాడతామో ముందు నిర్ణయించుకుని, దానికి తగిన స్టవ్‌ను తర్వాత వెతుక్కోవాలన్నది నా సలహా.

చట్టం ఏమంటుంది

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు బొగ్గు పొగ కలిసిన దట్టమైన మంచు లండన్‌ను కమ్మి వేలాదిమంది ప్రాణాలు తీసింది. ఆ విషాదం తర్వాత 1956లో వచ్చిన క్లీన్ ఎయిర్ చట్టం, పొగ నియంత్రణ ప్రాంతాలను ప్రకటించే అధికారాన్ని స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1993 నాటి చట్టం. 2021 పర్యావరణ చట్టం తెచ్చిన మార్పులతో, ఇంగ్లండ్‌లోని ఇలాంటి ప్రాంతంలో ఇంటి పొగగొట్టం నుంచి పొగ వెలువడితే కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల వరకు జరిమానా విధించవచ్చు. మినహాయింపు పొందని స్టవ్‌లో వాడడానికి అనుమతి లేని ఇంధనం కొన్నవారికి 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడివారు తమ ప్రభుత్వ నిబంధనలను విడిగా చూసుకోవాలి. ఒకే పట్టణంలో ఒక వీధి నియంత్రణ ప్రాంతం లోపల, పక్క వీధి బయట ఉండే అవకాశం ఉంది కనుక, పొరుగువారి మాట మీద ఆధారపడకుండా మీ చిరునామాతో కౌన్సిల్‌ను అడిగి తెలుసుకోవడం మొదటి పని.

నియంత్రణ ప్రాంతంలో మీకు రెండు దారులున్నాయి. మొదటిది, అనుమతి పొందిన ఇంధనాన్ని మాత్రమే వాడడం. ఆంత్రసైట్ బొగ్గు, ధ్రువీకరణ పొందిన పొగలేని బొగ్గు బిళ్లలు ఈ కోవలోకి వస్తాయి. వీటిని బొగ్గు కాల్చడానికి తగిన ఏ స్టవ్‌లోనైనా, మినహాయింపు లేకపోయినా కాల్చవచ్చు. రెండవది, డెఫ్రా అనే కేంద్ర ప్రభుత్వ శాఖ మినహాయింపు జాబితాలో ఉన్న స్టవ్‌ను తీసుకోవడం. అందులో కట్టెలు కాల్చవచ్చు కానీ, ఆ మోడల్‌కు ఏ ఇంధనంతో మినహాయింపు ఇచ్చారో ఆ ఇంధనాన్నే వాడాలి. చాలా మోడళ్ల ఎదుట జాబితాలో కనిపించేది కట్టె మొద్దులు మాత్రమే. మన ఇళ్లలో అలవాటున్న కొబ్బరి చిప్పలు, పిడకలు, పాత ఫర్నిచర్ చెక్క, రంగు వేసిన పలకలు వేసినప్పుడు ఆ మినహాయింపు వర్తించదు. రంగు, వార్నిష్ ఉన్న చెక్క ఎక్కడైనా కాల్చకూడనిదే, దాని నుంచి విషవాయువులు వస్తాయి.

స్టవ్ మీద అతికించే రెండు గుర్తుల తేడా కూడా తెలుసుకోవాలి. 2022 జనవరి 1 నుంచి యూకే మార్కెట్‌లోకి వచ్చే కొత్త స్టవ్‌లన్నీ ఎకోడిజైన్ ప్రమాణాలను పాటించాలి. తలుపున్న కట్టెల స్టవ్‌కు సన్నని ధూళి ఘనపు మీటరుకు 40 మిల్లీగ్రాములు, కార్బన్ మోనాక్సైడ్ 1,500 మిల్లీగ్రాములు మించకూడదు, ఏడాది సగటు సామర్థ్యం కనీసం 65 శాతం ఉండాలి. డెఫ్రా మినహాయింపు వేరే పరీక్ష. అందులో స్టవ్‌ను పూర్తి మంటమీదనే కాక తగ్గించిన మంటమీద కూడా నడిపి, గంటకు ఎన్ని గ్రాముల పొగ వస్తుందో చూస్తారు. ఎకోడిజైన్ గుర్తు ఉన్నంత మాత్రాన మినహాయింపు ఉన్నట్టు కాదు. అమ్మేవారి మాట సరిపోదు, మోడల్ పూర్తి పేరును అక్షరం అక్షరం జాబితాతో సరిచూసుకోండి, ఎందుకంటే ఒకే సిరీస్‌లో చిన్న సైజు జాబితాలో ఉండి పెద్ద సైజు లేకపోవచ్చు. ఇక ఏ, ఏ ప్లస్ అంటూ రంగు పట్టీలతో ఉండే ఎనర్జీ లేబుల్ ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది గానీ పొగ గురించి చెప్పదు.

షోరూమ్‌లో స్టవ్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక పని తప్పకుండా చేయండి. తలుపు అద్దం పైభాగం నుంచి గాలి లోపలికి దిగేందుకు ఉన్న మీటను మూసేవైపు పూర్తిగా జరిపి చూడండి. మినహాయింపు పొందిన చాలా స్టవ్‌లలో ఆ మీట చివరిదాకా పోకుండా ఒకచోట ఆగిపోతుంది; అక్కడ ఒక చిన్న మర గానీ లోహపు అడ్డం గానీ కనిపిస్తుంది. నిప్పుకు గాలి పూర్తిగా ఆగిపోయి పొగ మొదలుకాకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. కొన్ని కంపెనీలు ఒకే స్టవ్‌ను ఈ అడ్డంతో ఒక విధంగా, అది లేకుండా మరో విధంగా అమ్ముతాయి. ఈ అడ్డం, అంటే పొగ నియంత్రణ కిట్, బిగించిన దాన్నే కావాలని ఆర్డర్ కాగితంలో రాయించుకోండి.

కట్టెలా, బొగ్గా

కట్టెకూ బొగ్గుకూ గాలి కావలసిన వైపు వేరు. బొగ్గు మండాలంటే గాలి కింది నుంచి రావాలి, అందుకే మల్టీఫ్యూయల్ స్టవ్‌లో ఇనుప కమ్మీల జాలీ, దాన్ని కదిలించి బూడిద దులిపే కాడ, కింద బూడిద డ్రాయరు ఉంటాయి. కట్టె బూడిద పరుపు మీద, పైనుంచి దిగే గాలితో బాగా మండుతుంది. మంచి స్టవ్‌లలో వెనుక గోడలో ఉన్న చిన్న రంధ్రాల వరుసలోంచి వేడెక్కిన గాలి వచ్చి, కట్టె నుంచి లేచిన వాయువులను పొగగా పోనివ్వకుండా అక్కడే మండిస్తుంది. మల్టీఫ్యూయల్ ఈ రెండు అవసరాల మధ్య కుదిర్చిన సర్దుబాటు. మీరు పదింట తొమ్మిదిసార్లు కట్టెలే కాల్చేటట్లయితే జాలీ లేని కట్టెల స్టవ్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. కట్టెలు నిలవ చేసే చోటు లేనివారికి, ఎక్కువ గంటలు నిలకడైన వేడి కావలసినవారికి, పొగలేని బొగ్గు దగ్గరలో దొరికేవారికి మల్టీఫ్యూయల్ నిజంగా ఉపయోగపడుతుంది.

రెండూ వాడుకోవచ్చు కదా అని ఒకేసారి కలిపి వేయకండి. కట్టెలోని తేమ బొగ్గులోని గంధకంతో కలిసి ఆమ్లంగా మారి పొగగొట్టం లోపలి స్టీలు లైనర్‌ను తినేస్తుంది. ఏ రోజు ఏది వాడితే దానినే వాడాలి. ఇళ్లలో వాడే మామూలు నేలబొగ్గు అమ్మకం ఇంగ్లండ్‌లో 2021 మే 1న సంచుల్లో, 2023 మే 1 నాటికి విడిగా కూడా ఆగిపోయింది కాబట్టి పాత నిలవ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. పెట్రోలియం కోక్ (ముడిచమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పదార్థం) ఎక్కువగా కలిపిన బిళ్లల వేడికి జాలీ వంగిపోతుంది. వాటిని స్టవ్ తయారీదారు పుస్తకంలో అనుమతించారో లేదో చూసుకోవాలి.

ఎన్ని కిలోవాట్లు

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాస్త పెద్దది తీసుకుంటే ఇల్లంతా వెచ్చగా ఉంటుందనుకుంటారు. గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి 14తో భాగిస్తే కావలసిన కిలోవాట్లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న గది 48 ఘనపు మీటర్లు; దానికి మూడున్నర కిలోవాట్లు చాలు. ఆ గదిలో 8 కిలోవాట్ల స్టవ్ పెడితే ఉక్కపోతకు తట్టుకోలేక గాలి తగ్గిస్తారు, మంట చల్లబడి పొగ మొదలవుతుంది, అద్దం పొగచూరుతుంది, గొట్టంలో తారు పేరుకుంటుంది. నిండుగా మండుతున్న చిన్న స్టవ్, అణచిపెట్టిన పెద్ద స్టవ్ కంటే అన్నివిధాలా శుభ్రమైనది. గోడల్లో, కప్పులో ఇన్సులేషన్ బాగా ఉన్న ఇంటికి ఇంకా తక్కువే సరిపోతుంది.

5 కిలోవాట్ల దగ్గర మరొక గీత ఉంది. పాత ఇంట్లో 5 కిలోవాట్లు దాటిన ప్రతి కిలోవాట్‌కు 550 చదరపు మిల్లీమీటర్ల చొప్పున ఎప్పుడూ తెరిచి ఉండే గాలి రంధ్రం గోడకు పెట్టాలి. గాలి చొరబడని కొత్త ఇళ్లలో 5 లోపున్న స్టవ్‌కు కూడా ఈ లెక్క మొదటి కిలోవాట్ నుంచే మొదలవుతుంది. బయటి గాలిని గొట్టంతో నేరుగా లోపలికి తీసుకునే మోడళ్లు అలాంటి ఇళ్లకు అనుకూలం.

ఖర్చు అంచనాకు ఒక లెక్క. 20 శాతం తేమ ఉన్న కట్టె కిలోకు సుమారు 4 కిలోవాట్ అవర్ల శక్తి ఇస్తుంది. 80 శాతం సామర్థ్యం ఉన్న 5 కిలోవాట్ల స్టవ్ పూర్తిగా మండితే గంటకు దాదాపు ఒకటిన్నర కిలోల కట్టె పడుతుంది, అంటే నాలుగు గంటల సాయంత్రానికి ఆరు కిలోలు. మీ ప్రాంతంలో కట్టెల ధరతో గుణించి గ్యాస్ బిల్లుతో పోల్చుకోండి. కట్టెలు కొనే ఇంట్లో ఆదా అవుతుందన్న ఆశ చాలాసార్లు నిలవదు. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలు గానీ, ఊరి నుంచి వచ్చి శీతకాలమంతా ఉండే పెద్దలు గానీ ఉంటే మరొక్కసారి ఆలోచించండి. ఎంత మంచి స్టవ్ అయినా గ్యాస్ బాయిలర్ కంటే చాలా ఎక్కువ సన్నని ధూళిని విడుస్తుంది, తలుపు తెరిచిన ప్రతిసారీ అందులో కొంత గదిలోకే వస్తుంది.

బిగించడం

స్టవ్ కొనే ముందే హెటాస్ (ఇలాంటి స్టవ్‌లు బిగించేవారిని నమోదు చేసే సంస్థ) నమోదు ఉన్న నిపుణుణ్ణి పిలిపించి పొగగొట్టం చూపించండి. ఇటుక గొట్టం శుభ్రం చేయించి, పొగ పరీక్ష చేయించి, అవసరమైతే స్టీలు లైనర్ వేయిస్తారు. స్టవ్ పైభాగం నుంచి గొట్టం చివరకు కనీసం 4.5 మీటర్ల ఎత్తు ఉంటే గాలి లాగుడు బాగుంటుంది. బొగ్గు వాడే ఉద్దేశం ఉంటే, 316 రకం స్టీలు కంటే ఆమ్లాన్ని బాగా తట్టుకునే 904 రకం స్టీలు లైనర్‌నే అడగండి. చవకగా వస్తుందని ఇక్కడ తగ్గితే మల్టీఫ్యూయల్ కొన్న ప్రయోజనమే పోతుంది. పొగగొట్టం లేని కొత్త ఇంట్లో రెండు పొరల ఇన్సులేటెడ్ గొట్టం బయట నుంచి గానీ కప్పు గుండా గానీ వేయాలి, దాని ఖర్చు స్టవ్ ధరను మించిపోవచ్చు.

స్టవ్ కింద నేల 100 డిగ్రీల సెల్సియస్ దాటదని తయారీదారు ధ్రువీకరిస్తే 12 మిల్లీమీటర్ల మందం గల రాతి పలక సరిపోతుంది, లేకపోతే బరువైన కట్టడం కావాలి. తలుపు మూసి వాడే స్టవ్ ముందు ఆ పలక 225 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. అదే గదిలో, స్టవ్‌కు 1 నుంచి 3 మీటర్ల దూరంలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. దీని విషయంలో ఏ సర్దుబాటుకూ తావివ్వకండి. పని పూర్తయ్యాక ఇచ్చే ధ్రువపత్రాన్ని దాచుకోండి, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు. అద్దె ఇల్లయితే యజమాని, ఫ్లాట్ అయితే ఫ్రీహోల్డర్ (భవనం అసలు యజమాని) అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

కట్టెలు కొనడం, కాల్చడం

ఇంగ్లండ్‌లో 2 ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెలకు రెడీ టు బర్న్ గుర్తు ఉండాలి, అంటే తేమ 20 శాతం మించలేదని అర్థం. అయినా తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి కొనుక్కోండి. మొద్దు పైభాగాన గుచ్చి చూస్తే అది ఎప్పుడూ ఎండుగానే కనిపిస్తుంది. మొద్దును అప్పటికప్పుడు నిలువునా చీల్చి, కొత్తగా తెరుచుకున్న లోపలి ముఖం మధ్యలో రెండు సూదులూ గుచ్చాలి. అక్కడ 20 లోపు వస్తే వాడుకోండి, 25 వస్తే గాలి ఆడే చోట, వాన తగలకుండా దొంతిగా పేర్చి వచ్చే ఏడాదికి ఉంచండి. పచ్చి కట్టె వేస్తే ఎంత ఖరీదైన స్టవ్ అయినా పొగే ఇస్తుంది.

వెలిగించేటప్పుడు పెద్ద మొద్దులు కింద, సన్నని పుల్లలు పైన పేర్చి పైనుంచి అంటించండి. మన పొయ్యి రాజేసే పద్ధతికి ఇది తలకిందులుగా అనిపించినా, కింది కట్టె నుంచి లేచే వాయువులు పైనున్న మంటలోంచే పోవాలి కాబట్టి మొదటి పది నిమిషాల పొగ బాగా తగ్గుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు మొద్దులు మాత్రమే వేస్తూ, ప్రతిసారీ మంట అందుకునేదాకా గాలిని ఎక్కువగా ఉంచండి. రాత్రి గాలి మూసేసి నివురు గప్పిన నిప్పులా తెల్లవారేదాకా ఉంచే అలవాటు నియంత్రణ ప్రాంతంలో పనికిరాదు, ఎక్కువ పొగ, ఎక్కువ తారు అప్పుడే పుడతాయి.

స్టవ్ పెట్టిన మొదటి వారాల్లో మొద్దు వేసిన తర్వాత బయటికి వెళ్లి గొట్టం చివర చూడండి. అంటించిన కొత్తలో కాస్త కనిపించినా, పావుగంట తర్వాత దాదాపు ఏమీ కనిపించకూడదు. అప్పటికీ బూడిదరంగు పొగ ఆగకపోతే మొదట కట్టె తేమను, తర్వాత గాలి మీటను, ఆ తర్వాత తలుపు అంచున ఉన్న తాడు సీలును చూసుకోండి. ఈ మూడూ బాగుంటే గొట్టంలోనే లోపం ఉన్నట్టు, పొగగొట్టాలు ఊడ్చేవారిని పిలవాలి. కట్టెలు కాల్చేవారు ఎలాగూ ఏడాదికి రెండుసార్లు, పొగలేని బొగ్గు కాల్చేవారు కనీసం ఒకసారి గొట్టం ఊడ్పించి ఆ రసీదును బీమా కాగితాలతో కలిపి ఉంచుకోవాలి.