తుఫాను నెలలు రాకముందే హోమ్‌కి వెళ్లి ఇవి చూసి రండి

అక్టోబరు దగ్గరపడుతోందంటే కొవ్వొత్తులు, బిస్కెట్ ప్యాకెట్లు, ట్యాంకులో నీళ్లు చూసుకోవడం మన విశాఖ వాళ్లకు హుద్‌హుద్ తుఫాను తర్వాత అలవాటైపోయింది. 2014 అక్టోబరు 12, ఆదివారం, అది పూడిమడక దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లు పడి వీధులు మూసుకుపోయాయి, పాల ప్యాకెట్ కోసం క్యూలో నిలబడ్డాం. మన ఇంటి సంగతి మనం చూసుకుంటాం. మరి మధురవాడలోనో పెందుర్తిలోనో భీమిలి రోడ్డులోనో వృద్ధుల హోమ్‌లో ఉన్న అమ్మ, నాన్న, పెద్దమ్మ సంగతి? నెలనెలా డబ్బు కడుతున్నాం, వాళ్లే చూసుకుంటారులే అనుకోకండి. సెప్టెంబరులోనే ఒక రోజు వీలు చేసుకుని వెళ్లండి. మీరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఇక్కడున్న చుట్టాన్నో స్నేహితుణ్నో పంపండి, వీడియో కాల్‌తో సరిపెట్టుకోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల క్రితం మే నెలలో మా పెద్దమ్మను చూడడానికి ఒక హోమ్‌కి వెళ్లాను. హాలు అద్దంలా ఉంది, గోడ నిండా పండగ ఫొటోలు. పెద్దమ్మ కాళ్లకు మేజోళ్లు ఉన్నాయి. ఈ ఉక్కపోతలో మేజోళ్లేంటమ్మా అని అడిగితే "చలేస్తోందన్నారండి" అంది ఆయా. విప్పి చూస్తే కుడి మడమ మీద రూపాయి బిళ్లంత పుండు, మధ్యలో నల్లగా. ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా అంటే, "చెప్తే ఆ పిల్లని తిడతార్రా, పాపం రాత్రంతా పదకొండు మందిని ఒక్కర్తే చూస్తాది" అంది. అది మానడానికి నెలన్నర పట్టింది. అప్పటివరకు నేను వెళ్లిన ప్రతిసారీ చూసింది ఆ హాలే.

అందుకని ముందుగా ఫోన్ చేసి వెళ్లకండి. మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి, రాత్రి ఏడున్నర దాటాక ఇంకోసారి వెళ్లండి. గుమ్మంలో అడుగుపెట్టగానే మూత్రం వాసన వస్తోందా, లేక దాన్ని కప్పేసేంత ఫినాయిల్ వాసన వస్తోందా గమనించండి. పగటిపూట అందరూ మగతగా పడి ఉంటే నిద్ర మాత్రలు ఎవరు రాశారు, ఎందుకు రాశారు, చీటీ చూపించమని అడగండి.

తర్వాత మనిషిని చూడండి, అన్నిటికంటే ఇదే ముఖ్యం. మంచం పట్టిన వాళ్లకైతే మడమలు, తుంటి, నడుము కింది భాగం, మోచేతులు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే, మన రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి కూడా చూడండి. మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పినట్టు రాసిన కాగితం ఉందా అడగండి. గోళ్లు, నోరు, కట్టుడు పళ్లు చూడండి. బరువు నెలకోసారి చూస్తున్నారా? 50 కిలోల మనిషి ఒక్క నెలలో రెండున్నర కిలోలు తగ్గితే అది వయసు వల్లే అని వదిలేసే విషయం కాదు, డాక్టరుకు చూపించాల్సిందే.

నీళ్లు. పెద్దవాళ్లకు దాహం సరిగా తెలియదు, పైగా బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని కావాలనే తాగరు. గ్లాసు చేతికి అందేంత దగ్గర ఉందా, ఎవరైనా పట్టిస్తున్నారా చూడండి. నిన్నటి దాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే ఒంట్లో నీరు తగ్గడమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో కావచ్చు, మతిమరుపు అని తోసేస్తే మాత్రం ఊరుకోకండి.

ఇక తుఫాను కోసం మేనేజరును కూర్చోబెట్టి అడగాల్సినవి. మూడు రోజులు కరెంటు లేకపోతే ఏం చేస్తారు? జనరేటర్ ఉంది అంటే సరిపోదు, ఒకసారి ఆన్ చేయించండి, డీజిల్ ఎన్ని గంటలకు వస్తుందో, బోరు మోటారు దాని మీద నడుస్తుందో లేదో కనుక్కోండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (కరెంటుతో నడుస్తూ గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) మీద ఉన్నవాళ్లు ఉంటే నింపిన సిలిండరు, దాన్ని తిప్పి తెరిచే తాళం, వాడటం తెలిసిన మనిషి ముగ్గురూ... అంటే ఆ మూడూ ఒకేచోట ఉండాలి. లిఫ్టు ఆగిపోతే రెండో అంతస్తులో నడవలేని వాళ్లను ఎలా దించుతారు? నా మాట వింటే అలాంటి వాళ్లను ఈ మూడు తుఫాను నెలలూ కింది అంతస్తుకు మార్చమనండి, ఆ కింది అంతస్తు నీళ్లు నిలిచే పల్లంలో లేకపోతేనే సుమా. కిటికీలు రేకుల షెడ్డు వైపు ఉంటే మంచం అక్కణ్నుంచి జరిపించండి.

మందుల విషయంలో నేను ఇంకా పట్టుబడతాను. కనీసం పది రోజుల మందులు ఎప్పుడూ చేతిలో ఉండాలి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోతే చిన్న డబ్బాలో పెట్టి, మూత బిగించి నీళ్ల కుండలో ఉంచడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, ఐస్‌కి మాత్రం తగలనివ్వకూడదు. వంట ఆలస్యమైన రోజు ఇన్సులిన్ ముందే వేసేస్తే షుగర్ పడిపోతుంది, అన్నం ఎదురుగా వచ్చాకే వేస్తున్నారా అని ఇంజెక్షన్ వేసే సిస్టర్‌నే అడగండి.

రాత్రి డ్యూటీ ఎంతమంది? తుఫాను రోజు ఆయాలు కూడా వాళ్ల ఇళ్ల గురించి టెన్షన్ పడతారు, వాళ్లదీ రేకుల ఇల్లే అయి ఉంటుంది. వాళ్లు పిల్లల్ని తెచ్చుకుని హోమ్‌లోనే ఉండటానికి ఒప్పుకుంటారా, వాళ్లకు భోజనం పెడతారా అని అడగండి, ఒప్పుకున్న హోమ్‌లో ఆ రాత్రి మనుషులు ఉంటారు. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు గట్టిగా ఉన్నాయా (సముద్రపు గాలికి ఇక్కడ మేకులు తుప్పు పట్టి ఊడిపోతాయి, లాగి చూడండి), నేల జారుతోందా, దోమతెరలు చిరగకుండా ఉన్నాయా, ఇవి అయిదు నిమిషాల పని.

ఆఖర్న మీవాళ్లతో తలుపు దగ్గరగా వేసి పది నిమిషాలు ఒంటరిగా కూర్చోండి. "బాగా చూస్తున్నారా?" అని అడిగితే బాగానే చూస్తున్నారు అనే అంటారు. నిన్న రాత్రి ఏం తిన్నావు, రాత్రి లేవాల్సి వస్తే ఎవరిని పిలుస్తావు, పిలిస్తే ఎంతసేపటికి వస్తారు అని అడగండి. లోపం కనిపిస్తే ముందు మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి తేదీ వేయించుకోండి, కేకలు వేసి వచ్చేస్తే ఆ కోపం మంచం మీది మనిషి మీద పడుతుందేమోనని నాకు భయం. దెబ్బలు, కట్టేయడం, తిండి పెట్టకపోవడం లాంటివైతే ఆలోచించకండి, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, ఆ నంబరు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, ప్రాణం మీదికి వస్తే 108.

వచ్చే ముందు ఒక కాగితం మీద పేరు, రక్తం గ్రూపు, జబ్బులు, మందులు, పడని మందులు, నగరంలో ఉన్న ఇద్దరి ఫోన్ నంబర్లు పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఒక టార్చి, జత బట్టలు, కళ్లజోడుతో కలిపి చిన్న సంచిలో తలగడ పక్కన ఉంచండి. మా పెద్దమ్మ సంచి ఇప్పుడు మంచం కొయ్యకు వేలాడుతోంది, ఎల్లుండి వెళ్లి టార్చిలో సెల్స్ మార్చాలి.