డిలే పెట్టి లైవ్ వాయించే ముందు జాగ్రత్తలు

మహబూబ్‌నగర్‌లో ఫంక్షన్ హాలైనా, నల్లగొండలో కాలేజీ గ్రౌండైనా, ల్యాప్‌టాప్‌లో డిలే (వాయించినదాన్ని కాస్త ఆగి మళ్లీ మళ్లీ వినిపించే ఎఫెక్ట్) పెట్టి వాయిస్తుంటే, సౌండ్ చెక్‌కి ముందే ఇవి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు ఫీడ్‌బ్యాక్, అంటే డిలే నుంచి వచ్చిన మోతలో ఎంత శాతం తిరిగి డిలేలోకే వెళ్తుందో ఆ పాళ్లు. డిలేలో అది 100 శాతం దాటితే ప్రతి మోతా ముందుదానికన్నా పెద్దదై స్పీకర్ల మీద పడుతుంది. కంట్రోలర్ నాబ్ ఎంత తిప్పినా 85 దాటకుండా సాఫ్ట్‌వేర్‌లోనే హద్దు పెట్టండి. కావాలనే దాటించే సరదా ఉంటే డిలే తర్వాత లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) తప్పనిసరి. డిలేని ఒక్క నొక్కుతో ఆపే బటన్ చేతికందేలా ఉండాలి. ఆ టైమ్‌లో మౌస్ వెతుక్కోలేం.

ఇక డిలే టైమ్‌ని పాట వేగానికి కలపడం. 60,000ని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో) భాగిస్తే ఒక బీటుకి ఎన్ని మిల్లీసెకన్లో తెలుస్తుంది. 120కి 500. అయితే పక్కన డప్పు వాయించేవాళ్లుంటే ఈ లెక్క నిలవదు. ఊపు వస్తే వాళ్లు వేగం పెంచుతారు, పెంచాలి కూడా. అందుకే ట్యాప్ టెంపో (బీటుకి తగ్గట్టు బటన్ నొక్కుతూ వేగం పట్టించేది) పెట్టుకోండి. టైమ్ మారినప్పుడు స్వరం జారడం నచ్చకపోతే, ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ డిలేలో 'ఫేడ్' మోడ్ ఉంది.

ఖాళీ హాల్లో గోడలే బోలెడు మోత ఇస్తాయి. జనం నిండాక అది తగ్గుతుంది. కాబట్టి ఎఫెక్ట్ పాళ్లు అప్పుడే ఖాయం చేయకండి.

బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి తీసుకునే శబ్దపు ముక్క): 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. చిటపటలు వస్తే 256కి పెంచండి. మే నెలలో ల్యాప్‌టాప్‌ని ఎండలో పెడితే ఏ సెట్టింగూ కాపాడదు. వైఫై, అప్‌డేట్లు ఆఫ్.

కరెంట్ పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తుంది. కానీ అడాప్టర్‌తో నడిచే ఆడియో ఇంటర్‌ఫేస్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని బయటికి పంపే పెట్టె) ఆగిపోతుంది. దానికో చిన్న యూపీఎస్ పెట్టండి.