రంగు మారింది సరే, అది అలెగ్జాండ్రైటేనా?

పగలు ఆకుపచ్చగా, రాత్రి బల్బు కింద ఎర్రగా కనిపించే రాయి చేతికి రాగానే చాలామంది అది అలెగ్జాండ్రైటే (అలా రంగు మారే రత్నం) అని తేల్చేస్తారు. రంగు మారే గార్నెట్ కూడా అచ్చం అలాగే మారుతుంది, వనేడియం కలిపి తయారుచేసే చవక సింథటిక్ సఫైర్ (కృత్రిమంగా చేసిన నీలం జాతి రాయి) కూడా మారుతుంది. నర్సీపట్నం వైపు కొండల్లో అలెగ్జాండ్రైట్ నిజంగానే దొరుకుతుంది కాబట్టి ఆ పేరు చెప్పి ఏదో ఒకటి అంటగట్టేవాళ్లూ ఉంటారు.

సమస్య: షాపులో మారిన రంగు ఇంట్లో మారడం లేదు

ముందు మీ ఇంటి లైటును అనుమానించండి. అలెగ్జాండ్రైట్‌లోని క్రోమియం పసుపు కాంతిని మింగేసి పచ్చనీ ఎరుపునీ వదులుతుంది. పగటి వెలుగులో నీలం, పచ్చ పాళ్లు ఎక్కువ కాబట్టి రాయి పచ్చగా, ఫిలమెంట్ బల్బులో ఎరుపు ఎక్కువ కాబట్టి ఎర్రగా కనిపిస్తుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు తక్కువ, అందుకే రాయి అటూ ఇటూ కాకుండా ఉండిపోతుంది. పగలు కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని చోట ఒకసారి, చీకటి గదిలో పాతకాలం బల్బు కిందో కొవ్వొత్తి దగ్గరో ఇంకోసారి చూడండి.

సమస్య: రిఫ్రాక్టోమీటర్‌లో ఒకటే గీత

రిఫ్రాక్టోమీటర్ అంటే రాయిలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే పరికరం. అలెగ్జాండ్రైట్ కాంతిని రెండుగా చీలుస్తుంది, రీడింగులు 1.746, 1.755 దగ్గర పడతాయి. గార్నెట్ చీల్చదు, దానికి ఒకటే రీడింగు, అది కూడా చాలాసార్లు 1.75 చుట్టుపక్కలే ఉంటుంది. గందరగోళమంతా ఇక్కడే, ఎందుకంటే అంకె చూసి మోసపోవడం చాలా తేలిక. కాబట్టి ఒక్కసారి చూసి వదిలేయకుండా పసుపు లైటు పెట్టి, ఐపీస్ మీద పోలరైజింగ్ ఫిల్టర్ తిప్పుతూ, రాయిని కూడా కొంచెం కొంచెంగా తిప్పుతూ చూడండి. స్కేలు మీద కనిపించే నీడ అంచు పైకీ కిందికీ జరిగితే గార్నెట్ కాదు. ఎటు తిప్పినా కదలకపోతే అలెగ్జాండ్రైట్ మీద ఆశ వదులుకోవచ్చు. రీడింగులు 1.762, 1.770 దగ్గర ఉంటే అది సఫైర్ జాతి.

సమస్య: నీళ్లలో తూచినా ఏ రాయో తేలడం లేదు

2.24 క్యారెట్ల రాయి నీళ్లలో 1.64 తూగిందనుకోండి. తగ్గింది 0.60, దానితో 2.24ను భాగిస్తే 3.73, అలెగ్జాండ్రైట్‌కు సరిగ్గా సరిపోయే సాంద్రత. అదే బరువున్న సఫైర్ అయితే (సాంద్రత 4.00) 0.56 తగ్గుతుంది, ఈ తేడా త్రాసులో తెలుస్తుంది. గార్నెట్ సాంద్రత 3.8 దగ్గర కాబట్టి 0.59 తగ్గుతుంది. ఈ ఒక్క పాయింటు (0.01 క్యారెట్) తేడాను రాయికి అంటుకున్న చిన్న గాలి బుడగే తారుమారు చేస్తుంది. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే బుడగలు తగ్గుతాయి, అయినా గార్నెట్ విషయంలో త్రాసు మీద ఆధారపడొద్దు.

సమస్య: రాయి ఉంగరంలో బిగించి ఉంది

ఇక నీళ్లలో తూచడం కుదరదు. నాకు అన్నిటికన్నా నమ్మకమైనది డైక్రోస్కోప్, రాయిలోంచి వచ్చే కాంతిని రెండుగా విడదీసి పక్కపక్కన చూపించే చిన్న పరికరం. వెలుతురు వైపు పెట్టి చూస్తే అలెగ్జాండ్రైట్‌లో పక్కపక్కన రెండు గళ్లలో రెండు వేరే రంగులు కనిపిస్తాయి, తిప్పుతుంటే ఎరుపు, నారింజ, పచ్చ జతలు మారుతుంటాయి. గార్నెట్‌లో రెండు గళ్లూ ఎప్పుడూ ఒకే రంగు. సఫైర్ కూడా రెండు రంగులు చూపిస్తుంది కాబట్టి రెండు రంగులు కనిపించినంత మాత్రాన పని అయిపోలేదు, రిఫ్రాక్టోమీటర్ కూడా చూడాలి. నవరత్నాల్లో వైడూర్యం అలెగ్జాండ్రైట్ లాగే క్రిసోబెరిల్ అనే ఖనిజం, గోమేధికం గార్నెట్ జాతి. సాధన చేయాలంటే పారదర్శకంగా ఉన్న గోమేధికంతో మొదలుపెట్టండి, ఒకే రంగు అంటే ఏమిటో కంటికి అలవాటవుతుంది.

సమస్య: పలకల అంచులు అరిగాయి

గార్నెట్ గట్టిదనం 7 నుంచి 7.5, అలెగ్జాండ్రైట్‌ది 8.5. అరుగుదల అనుమానానికి పనికొస్తుంది, రుజువుకు కాదు. గీకి చూడటం మాత్రం వద్దు, మంచి రాయి పాడైపోతుంది.

సమస్య: అన్నీ సరిపోయాయి, కానీ రాయి మరీ శుభ్రంగా ఉంది

ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్ కావచ్చు. దాని రీడింగులు, సాంద్రత, రంగులు అన్నీ సహజమైనదానిలాగే ఉంటాయి, ఇంటి పరికరాలకు దొరకదు. పది రెట్ల భూతద్దంలో వంపు తిరిగిన గీతలు కనిపిస్తే సింథటిక్ అనుకోవచ్చు, కానీ అవి కనిపించనంత మాత్రాన సహజమైనదని కాదు. డబ్బు కట్టే ముందే రాయిని మంచి జెమ్ ల్యాబ్‌కు పంపి సర్టిఫికెట్ తెప్పించుకోండి, అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే కొనకండి.